పిల్లలు రేపు కూడా గ్రౌండుకి రావాలంటే

జీతం భత్యం లేకుండా పిల్లలకి ఆటలు నేర్పుదామనుకునేవాళ్ళు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఒకటే: "ఏ ఆటతో మొదలుపెట్టమంటారు మాస్టారూ?" నా ఎదురు ప్రశ్న కూడా ఒకటే: "వారంలో ఏయే రోజులు, ఎన్ని గంటలకి వస్తావు?" దాంతో ముఖం కాస్త చిన్నబోతుంది. వాళ్ళు ఆట గురించి మాట్లాడదామని వస్తారు, నేనేమో గడియారం గురించి మాట్లాడతాను.

ఈ పనిలోనే నా జుట్టు నెరిసింది. నా దగ్గర వాలీబాల్ సర్వీసు కొట్టడం నేర్చుకున్నవాళ్ళు ఇప్పుడు తమ పిల్లల్ని చెయ్యి పట్టుకుని తీసుకొస్తున్నారు. ఆట నేర్పడం ఈ పనిలో చిన్న భాగమే. ఈ రోజు వచ్చిన పిల్ల రేపూ రావాలి, వచ్చే ఏడూ రావాలి. పెద్ద పనంతా అక్కడుంది. కప్పులు వస్తే సంతోషమే, రాకపోయినా నష్టం లేదు. కింద రాసినవన్నీ ఆ లెక్కలో రాసినవి. ఒలింపిక్స్‌కి పంపే శిక్షణ కావాలనుకునేవాళ్ళకి ఇవి పెద్దగా పనికిరావు.

ముందు టైము

ఎంత చెడ్డ వారంలోనైనా మీరు నిలబెట్టుకోగలిగిన రోజులే చెప్పండి. రోజూ వస్తానని ఉత్సాహంగా మొదలుపెట్టి, నెల తిరక్కుండానే చేతులెత్తేసినవాళ్ళని చాలామందిని చూశాను. వారానికి రెండు సాయంత్రాలు, గంటో గంటన్నరో చాలు. ఐదున్నరకి అని చెప్పారంటే ఐదుంబావుకల్లా నెట్టు కట్టేసి ఉండాలి. పిల్లలు వచ్చేసరికి గ్రౌండు ఖాళీగా కనిపిస్తే సగంమంది వెనక్కి వెళ్ళిపోతారు. ఆ వెళ్ళినవాళ్ళలో ఎక్కువమంది బిడియస్తులే. ధైర్యం ఉన్నవాళ్ళు ఎలాగూ ఉంటారు, గోడ మీద కూర్చుని అల్లరి చేస్తూ.

మీరొక్కరే ఉంటే మొదలుపెట్టకండి. రెండో మనిషి దొరికాకే మొదలుపెట్టండి. మీకు జ్వరం వస్తే ఆట ఆగకూడదన్నది ఒక కారణం. అంతకన్నా ముఖ్యమైన కారణం పిల్లల భద్రత. ఏ పెద్దమనిషీ ఏ పిల్లతోనూ ఒంటరిగా, నలుగురి కంటికీ దూరంగా ఉండకూడదు. దీనికి మినహాయింపు లేదు, మీకూ లేదు. ఒక్క పిల్లనే బండి ఎక్కించుకుని ఇంట్లో దించడం, ఒక్కరికే విడిగా ఫోనులో మెసేజీలు పెట్టడం, బట్టలు మార్చుకునే గదిలోకి వెళ్ళడం, ఇవేవీ వద్దు. ఏదైనా చెప్పాల్సి వస్తే తల్లిదండ్రులు ఉన్న గ్రూపులో చెప్పండి. ఇంత పట్టుదల అక్కర్లేదని, మీ మీద మాకు నమ్మకం ఉందని అంటారు. నమ్మకం ఉన్నచోట కూడా ఈ నియమం ఉండాలని మర్యాదగా చెప్పండి. ఎవరైనా పిల్ల వచ్చి తనకి జరిగిన చెడు చెప్పుకుంటే మధ్యలో అడ్డం రాకుండా వినండి. "ఎవరికీ చెప్పనులే" అని మాత్రం మాట ఇవ్వకండి. చెప్పాల్సినవాళ్ళకి చెప్పి తీరాలి.

నోటుబుక్కు

నా దగ్గర ఉన్న సామానులో అన్నిటికన్నా విలువైనది అట్ట చిరిగిన రిజిస్టరు. అందులో ఒక్కో పిల్లకి ఒక్కో వరస. పేరు, పుట్టిన తేదీ, ఇంట్లో ఇద్దరి ఫోను నంబర్లు (ఒకటి చాలదు, కావాల్సిన రోజునే అది పలకదు), తర్వాత ఆరోగ్యం. ఉబ్బసం ఉందా, ఉంటే ఇన్‌హేలర్ ఏ సంచిలో ఏ జేబులో ఉంటుంది? ఫిట్స్ ఉన్నాయా? తేనెటీగ కుడితే, ఫలానా మందు వేసుకుంటే పడదా? ఈ గడి ఖాళీగా ఉన్న పిల్లని నేను ఆటలోకి దించను. "ఏమీ లేదు" అని రాయించుకుంటాను, ఖాళీ మాత్రం వదలను.

ఆ తర్వాత హాజరు గడులు. ఇక్కడే అసలు పని. ఒక పిల్ల వరసగా రెండుసార్లు రాకపోతే ఆ రాత్రే ఇంటికి ఫోను చేయండి. "ఎందుకు రాలేదు?" అని మొదలుపెడితే తల్లి సంజాయిషీ చెప్పుకోవడం మొదలుపెడుతుంది, అసలు సంగతి బయటికి రాదు. "అమ్మా, రెండు రోజులుగా మీ పాప కనపడలేదు, ఒంట్లో బాగుందా?" అని అడగండి. అప్పుడు మెల్లగా వస్తుంది: కొత్త బూట్లు కరుస్తున్నాయని ఒకరు, ఎవరో వెక్కిరించారని ఒకరు, ట్యూషన్ టైము మారిందని ఒకరు. వీటిలో చాలావాటికి పరిష్కారం మీ చేతిలోనే ఉంటుంది. పేజీ చివర "ఎందుకు మానేసింది" అనే గడి కూడా గీసుకోండి. ఏడాది చివర ఆ గడి ఒక్కటే చదివితే వచ్చే ఏడు ఏం మార్చాలో తెలిసిపోతుంది.

సామాను

ఇది త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే అందరూ దీని గురించే అవసరానికి మించి ఆలోచిస్తారు.

పిల్లల చేతికి పెద్దల బంతి ఇవ్వకండి. ఫుట్‌బాల్‌లో 5వ సైజు బంతి 410 నుంచి 450 గ్రాములుంటుంది, అది పదమూడేళ్ళు దాటినవాళ్ళకి. అంతకన్నా చిన్నవాళ్ళకి 4వ సైజు, ఎనిమిదేళ్ళ లోపువాళ్ళకి 3. వాలీబాల్ 260 నుంచి 280 గ్రాములే అయినా కొత్తగా నేర్చుకునే పిల్లల ముంజేతులు ఎర్రబడిపోతాయి. మొదట్లో తేలికపాటి బంతి వెతకండి, దొరక్కపోతే కొంచెం గాలి తీయండి. నెట్టు పెద్ద మగవాళ్ళకి 2.43 మీటర్లు, ఆడవాళ్ళకి 2.24. పదేళ్ళ పిల్లలకి నేను రెండు మీటర్ల దగ్గర కడతాను. చేతికి అందని నెట్టు ముందు ఏ పిల్లకీ ఆట మీద ఆశ పుట్టదు.

బంతికి గాలి కొట్టేముందు సూదిని నీళ్ళలో ముంచండి. పొడి సూది గుచ్చితే లోపలి వాల్వు చీరుతుంది, ఆ తర్వాత రోజూ గాలి దిగిపోతూనే ఉంటుంది. గీతలకి సున్నం వాడకండి, కళ్ళలో పడితే కాలుతుంది. సుద్దపొడి వాడండి. పిల్లలు దిగేముందు పది నిమిషాలు గ్రౌండు చుట్టూ నడవండి: గాజుపెంకులు, మేకులు, గుంటలు. ఉరుము వినిపిస్తే వెంటనే ఆట ఆపి అందరినీ పక్కా కప్పు కిందికి పంపండి. చెట్టు కిందికి కాదు. చివరి ఉరుము తర్వాత అరగంట గడిచేదాకా మళ్ళీ దిగొద్దు.

పెద్దల ఆటని చిన్నది చేయండి

రూల్సు మార్చితే అది ఆటే కాదని వాదించేవాళ్ళకి నేను పాత కథలు చెబుతాను. 1891లో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామ ఉపాధ్యాయుడికి చలికాలంలో గదిలో విసుగెత్తిపోతున్న ఓ తరగతిని అప్పగించారు. ఆయన రెండు పండ్ల బుట్టలు బాల్కనీ రెయిలింగుకి కొట్టించి, పదమూడు రూల్సు రాసి బాస్కెట్‌బాల్ పుట్టించాడు. తరగతిలో పద్దెనిమిది మంది ఉన్నారు కాబట్టి జట్టుకి తొమ్మిదిమంది. నాలుగేళ్ళకి విలియం మోర్గన్ అనే ఇంకో ఉపాధ్యాయుడికి తన దగ్గరికొచ్చే పెద్దవయసువాళ్ళకి బాస్కెట్‌బాల్ మరీ శ్రమగా అనిపిస్తోందని తోచింది. మధ్యలో నెట్టు కట్టి, ఒకరినొకరు తగలకుండా ఆడే ఆట తయారుచేశాడు. అదే వాలీబాల్. 1939లో అమెరికాలో కార్ల్ స్టాట్జ్ అనే గుమాస్తా మూడు జట్లతో పిల్లల బేస్‌బాల్ మొదలుపెట్టాడు. అంతకుముందు తన మేనల్లుళ్ళని పరిగెత్తించి చూసి, పెద్దల ఆటలో 90 అడుగులుండే బేసుల (పరిగెత్తి తాకాల్సిన గుర్తుల) మధ్య దూరాన్ని 60 అడుగులకి తగ్గించాడు. లిటిల్ లీగ్ అనే ఆ పిల్లల బేస్‌బాలే తర్వాత ఎన్నో దేశాలకి పాకింది. ఈ ముగ్గురూ చేసిన పని ఒకటే: ఎదురుగా ఎవరున్నారో చూశారు, వాళ్ళకి సరిపడా ఆటని కత్తిరించారు. మీరూ నిర్భయంగా కత్తిరించండి.

ఎలాగంటే, ముందు క్యూ తీసేయండి. పిల్లలు వరసగా నిలబడి ఒక్కొక్కరుగా బంతి తన్నే దృశ్యం చూడటానికి క్రమశిక్షణగా ఉంటుంది. కానీ ఒక మూల కూర్చుని ఒక పిల్ల మీద మాత్రమే కన్నేసి, గంటలో ఆ పిల్లకి బంతి ఎన్నిసార్లు తగిలిందో లెక్కపెట్టి చూడండి. మీకే సిగ్గేస్తుంది. పదకొండు మందితో ఒక జట్టు కాకుండా నలుగురేసి చొప్పున చిన్న చిన్న గ్రౌండ్లు గీయండి. ఒక గోల్‌పోస్టు లేకపోతే రెండు సంచులు పెట్టండి. వాలీబాల్‌లో మొదటి నెలంతా బంతి ఒకసారి నేల మీద పడి లేచినా ఒప్పుకోండి, ఆట సాగుతుంది. సర్వీసు గీతని సగం దూరానికి జరపండి.

అవుటైనవాళ్ళు బయట కూర్చునే ఆటలు మాత్రం మానేయండి. ఎవరికి సాధన ఎక్కువ కావాలో వాళ్ళే ముందు అవుటవుతారు, అరగంట గట్టు మీద కూర్చుంటారు, మర్నాడు రారు. అవుటైతే పక్క గ్రౌండులోకి మారాలి, అంతే. కబడ్డీలో ఈ తెలివి మొదటినుంచీ ఉంది: అవతలివాళ్ళని అవుట్ చేసినప్పుడల్లా మనవాళ్ళొకరు లేచి మళ్ళీ బరిలోకి వస్తారు. పైగా అంత తక్కువ సామానుతో అంత ఒళ్ళు అలిసే ఆట ఇంకొకటి నాకు తెలీదు. మెత్తటి నేల చూసుకోండి, గోళ్ళు కత్తిరించుకున్నారో లేదో చూడండి.

గంటని నేను ఇలా కోస్తాను. మొదటి పావుగంట ఒళ్ళు వేడెక్కించడం: ఒంటికాలి మీద నిలబడటం, దూకి మెత్తగా మోకాళ్ళు వంచి దిగడం, దిక్కు మార్చి పరిగెత్తడం. నిలబెట్టి ఒళ్ళు లాగే పాత పద్ధతి ఆటకి ముందు అక్కర్లేదు. పిల్లల ఫుట్‌బాల్ కోసం తయారైన 'లెవెన్ ప్లస్ కిడ్స్' అనే వ్యాయామాల వరసని నాలుగు యూరప్ దేశాల్లో పరీక్షించి 2018లో ఫలితాలు ప్రచురించారు. దాన్ని పాటించిన జట్లలో గాయాలు దాదాపు సగానికి తగ్గాయి. అందులో ఉన్నవి కూడా ఇలాంటివే. తర్వాత వెంటనే ఆట. పిల్లలు వచ్చింది అందుకే, దాన్ని చివరిదాకా దాచిపెట్టకండి. మధ్యలో ఆపి ఒక్కటంటే ఒక్క మెళకువ నేర్పి, అది వాడేలా మళ్ళీ ఆటలోకి దించండి. మీ ఉపన్యాసం ఒక నిమిషం దాటితే పిల్లలు గడ్డి పీకడం మొదలుపెడతారు. అది వాళ్ళు మీకిచ్చే విజిల్ అనుకోండి.

నెట్టుకి కొట్టినప్పుడు ఏమనాలి

ఒక పాప సర్వీసు వేస్తోంది. మొదటి బంతి నెట్టుకి తగిలింది. తలెత్తి బంతిని చూడదు, మిమ్మల్ని చూస్తుంది. ఆ ఒక్క క్షణంలో మీ ముఖంలో ఏం కనపడుతుందో అదే ఆ పాపకి గుర్తుంటుంది. మీరు నేర్పిన సర్వీసు పద్ధతి తర్వాతి సంగతి.

అప్పుడు నాలుగు రకాల పెద్దవాళ్ళు కనిపిస్తారు. ఒకరు "ఎన్నిసార్లు చెప్పాను?" అంటారు. ఒకరు తల కొట్టుకుంటారు, నోటితో ఏమీ అనకపోయినా అదీ మాటే. ఒకరు "పర్లేదు పర్లేదు, సూపర్!" అంటారు. పిల్లలకి ఇది కూడా నచ్చదు, సూపర్ కాదని వాళ్ళకి తెలుసు. నాలుగో రకంవాళ్ళు ఇలా అంటారు: "అరచేతికి బాగా తగిలింది. ఈసారి బంతిని ఇంకొంచెం ముందుకి ఎగరెయ్యి. మళ్ళీ కొట్టు." బాగున్నదొకటి, మార్చుకోవాల్సిందొకటి, వెంటనే ఇంకో అవకాశం. మార్చుకోవాల్సినవి ఐదు కనిపించినా ఒక్కటే చెప్పండి. మిగతా నాలుగింటికీ బోలెడు సాయంత్రాలున్నాయి.

ఇది నా సొంత వేదాంతం అనుకునేవాళ్ళ కోసం ఒక సంగతి. అమెరికాలో నాన్సీ బార్నెట్, ఫ్రాంక్ స్మోల్, రోనాల్డ్ స్మిత్ అనే సైకాలజిస్టులు లిటిల్ లీగ్ కోచ్‌ల మీద చేసిన అధ్యయనాన్ని 1992లో ప్రచురించారు. కొంతమంది కోచ్‌లకి కొద్ది గంటల శిక్షణ ఇచ్చారు: ప్రయత్నాన్ని మెచ్చుకోవడం, తప్పు జరిగినప్పుడు ధైర్యం చెప్పి దారి చూపించడం, తిట్లు మానేయడం. మరుసటి ఏడాది చూస్తే, శిక్షణ లేని కోచ్‌ల దగ్గర ఆడిన పిల్లల్లో 26 శాతం మానేశారు. శిక్షణ పొందినవాళ్ళ దగ్గర 5 శాతమే. గెలుపు ఓటముల్లో మాత్రం ఈ రెండు రకాల జట్లకీ తేడా లేదు. తిడితేనే గెలుస్తారనేవాళ్ళకి ఇంతకన్నా చెప్పాల్సింది నా దగ్గర లేదు.

శిక్షగా గ్రౌండు చుట్టూ పరిగెత్తించడం కూడా మానేయండి. పరుగంటే ఇష్టం పుట్టేలా మనం నేర్పాలి, దాన్నే శిక్షగా వాడితే ఎలా? అల్లరి చేసినవాడిని నేను నా పక్కన కూర్చోబెట్టుకుని స్కోరు రాయిస్తాను. రెండు నిమిషాల్లో వాడే "మాస్టారూ, వెళ్ళనా?" అంటాడు.

పుట్టిన నెల, పెరిగే ఎముక

పన్నెండేళ్ళ లోపు జట్టు అంటే అందులో నిన్ననే పదకొండు దాటినవాడూ ఉంటాడు, రేపు పన్నెండు నిండేవాడూ ఉంటాడు. ఇద్దరి మధ్యా దాదాపు ఏడాది. ఆ వయసులో ఏడాదంటే అరచెయ్యంత పొడుగు తేడా ఉండొచ్చు. కెనడాలో ఐస్ హాకీ ఆటగాళ్ళ పుట్టిన నెలలు చూసి రోజర్ బార్న్స్‌లీ బృందం 1985లోనే ఈ సంగతి బయటపెట్టింది. వయసు లెక్క మొదలయ్యే నెలల్లో పుట్టినవాళ్ళే పై జట్లలో ఎక్కువగా ఉన్నారు. ప్రతిభ నెలల్ని బట్టి పుట్టదు కదా. పెద్దగా కనిపించినవాడిని ఎంచుకున్నారు, ఎంచుకున్నవాడికే ఎక్కువ ఆట దొరికింది. అందుకే రిజిస్టరులో పుట్టిన తేదీ రాయమన్నాను. ఎవరిని జట్టులో వేయాలో తేల్చుకునేముందు ఆ గడి ఒకసారి చూడండి. కబడ్డీలో చిన్నవాళ్ళ పోటీలకి వయసుతో పాటు బరువు పరిమితి కూడా పెట్టేది ఇందుకే. సాధనలో మీరూ అప్పుడప్పుడు వయసు పక్కనపెట్టి ఒడ్డూ పొడుగూ చూసి జట్లు విడగొట్టండి.

పొడుగు పెరిగే వయసులో పిల్లలు మోకాలి చిప్ప కింద బుడిపె చూపించి నొప్పంటారు. దూకే ఆటల్లో ఇది మామూలే. ఆస్‌గుడ్, ష్లాటర్ అనే ఇద్దరు డాక్టర్లు 1903లో విడివిడిగా వర్ణించారు కాబట్టి ఇద్దరి పేర్లూ కలిపి పిలుస్తారు. మడమ వెనక వచ్చే ఇలాంటి నొప్పిని సీవర్స్ అంటారు. ఎదుగుదల ఆగాక సాధారణంగా సర్దుకుంటాయి. అలాగని "ఓర్చుకో" అనకండి. దూకడం, పరిగెత్తడం తగ్గించి వేరే పని ఇవ్వండి, డాక్టరుకి చూపించమనండి. రాత్రి నిద్రలేపే నొప్పి, వాపు, జ్వరం ఉంటే వెంటనే చూపించాలి. ఒకే ఆటని వారానికి ఎన్ని గంటలు ఆడించొచ్చు అంటే, పిల్ల వయసు ఎన్నేళ్ళో అన్ని గంటలు మించకూడదని క్రీడావైద్యులు ఒక తేలికైన లెక్క చెబుతారు. పదేళ్ళ పిల్లకి పది గంటలు. అందులో స్కూల్లో ఆడిందీ కలపాలి.

దెబ్బలు

మోచేతులు గీసుకుపోవడానికి నీళ్ళు, సబ్బు, శుభ్రమైన గుడ్డ చాలు. మూడింటి విషయంలో మాత్రం మీ చేతులు ముందే సిద్ధంగా ఉండాలి.

తలకి దెబ్బ: స్పృహ తప్పకపోయినా మెదడు అదిరి ఉండొచ్చు. తలనొప్పి, వాంతి, తూలడం, అడిగిందే మళ్ళీ అడగడం, చూపు మసకబారడం, వీటిలో ఏది కనిపించినా ఆ రోజుకి ఆట ముగిసింది. "బాగానే ఉన్నాను సార్" అన్నా సరే, ఫైనల్ మ్యాచ్ అయినా సరే. డాక్టరు చూసి ఒప్పుకున్నాకే మళ్ళీ ఆట. వాంతులు ఆగకపోయినా, మత్తు పెరుగుతున్నా, ఫిట్స్ వచ్చినా నేరుగా ఆసుపత్రికి. మెడ నొప్పి అంటే కదిలించకండి, సాయం వచ్చేదాకా అలాగే ఉంచండి.

ఊడిన పన్ను: పాలపన్ను అయితే తిరిగి పెట్టక్కర్లేదు. శాశ్వత పన్నయితే నేల మీద వెతికి, నమిలే వైపు పట్టుకుని తీయండి. వేరు ముట్టుకోవద్దు, రుద్దొద్దు. మట్టి ఉంటే క్షణం సేపు కడిగి, వీలైతే అదే చోట పెట్టి గుడ్డ కొరికి పట్టుకోమనండి. వీలుకాకపోతే పాలలో వేయండి. గంటలోపు, ఎంత తొందరగా అయితే అంత మంచిది, దంతవైద్యుడి దగ్గర ఉండాలి. గ్రౌండు దగ్గర పాలు ఎవరింట్లో దొరుకుతాయో నాకు ఎప్పుడూ తెలిసే ఉంటుంది.

ఎండదెబ్బ: ఆడుతూ ఆడుతూ పొంతన లేకుండా మాట్లాడినా, కుప్పకూలినా, ఒళ్ళు కాలిపోతున్నా ముందు చల్లబరచండి, బండి కోసం చూస్తూ కూర్చోకండి. నీడలోకి తెచ్చి, బూట్లూ పైబట్టలూ వదులు చేసి, ఒంటినిండా చల్లటి నీళ్ళు పోస్తూ విసరండి. ఒకరు ఈ పని చేస్తుండగా ఇంకొకరు అంబులెన్సుకి ఫోను చేయాలి. రెండో మనిషి ఉండాలన్నది ఇందుక్కూడా. స్పృహ లేకపోతే నోట్లో నీళ్ళు పోయకండి.

ఆడపిల్లలు

మిగిలిపోయిన టైము, మిగిలిపోయిన బంతులు, గ్రౌండులో మూల. చాలాచోట్ల ఆడపిల్లలకి దక్కేవి ఇవే. ఆ తర్వాత "వాళ్ళకి ఆసక్తి లేదండీ" అంటారు. పన్నెండు పదమూడేళ్ళు వచ్చేసరికి ఒక్కొక్కరే తగ్గిపోతుంటే కారణం వాళ్ళనే అడగండి. అయితే మీరు అడక్కండి, ఒక ఆడమనిషి చేత అడిగించండి. నాకు వచ్చిన జవాబుల్లో ఆట ఎక్కడా లేదు. మరుగుదొడ్డికి తలుపు గడియ పడదు, గట్టు మీద కూర్చునే కుర్రాళ్ళు ఏదో ఒకటి అంటారు, చీకటి పడితే ఇంట్లో ఊరుకోరు, తెల్ల నిక్కరు వేసుకోమంటున్నారు. గడియ బిగించడం, గట్టు ఖాళీ చేయించడం, టైము అరగంట ముందుకి జరపడం, ముదురు రంగు ట్రాక్ ప్యాంటు ఒప్పుకోవడం. ఇందులో దేనికీ పెద్ద ఖర్చు లేదు. ఒక ఆడ వాలంటీరు ఉంటే మిగతావి ఆమే చూసుకుంటుంది, మీకంటే బాగా.

అమ్మానాన్నలు

మ్యాచ్ రోజున గీత బయట చేతులు ఖాళీగా ఉన్న తండ్రి వల్ల చాలా చిక్కులొస్తాయి. కాబట్టి చేతికి పని ఇవ్వండి: ఒకరికి స్కోరు, ఒకరికి గీత దగ్గర జెండా, ఒకరికి నీళ్ళు. జెండా పట్టుకున్నవాడు అంపైర్ని తిట్టడం నేనెప్పుడూ చూడలేదు. మిగిలినవాళ్ళకి ముందే ఒక మాట చెప్పండి: చప్పట్లు కొట్టండి, ఎదుటి జట్టుక్కూడా కొట్టండి, "అటు కొట్టు, ఇటు పరిగెత్తు" అని మాత్రం అరవకండి. పిల్ల రెండు గొంతులు వింటూ బంతిని వదిలేస్తుంది. ఇంకొకటి: ఇంటికెళ్ళే దారిలో మ్యాచ్ గురించి మీరుగా ఎత్తకండి. పిల్ల ఎత్తితే వినండి.

"మావాణ్ణి స్మాషర్‌గా ఆడించండి సార్, లిఫ్టర్‌గా వాడి టాలెంట్ వేస్టవుతోంది" అని ఒకరైనా వస్తారు (వాలీబాల్‌లో స్మాషర్ బంతిని బలంగా కొట్టేవాడు, లిఫ్టర్ దాన్ని అతనికి అందించేవాడు). వాదించకండి. "పద్నాలుగేళ్ళ దాకా మా దగ్గర అందరూ అన్ని చోట్లా ఆడతారండీ" అనండి. ఈ రూలు నిజంగానే పెట్టుకోండి, నిజంగానే పాటించండి. అలాగే టోర్నమెంటుకి ఎంతమందిని తీసుకెళ్తే అంతమందీ కనీసం సగం ఆట ఆడాలి. జట్టు పేర్లు చదివేముందే ఈ రూలు చదవండి. పేర్లు చదివాక చెబితే మీరు ఎవరికో సర్దిచెబుతున్నట్టు ఉంటుంది. ఈ రూలు వల్ల కొన్ని మ్యాచ్‌లు ఓడిపోతారు. మేమూ ఓడాం. బెంచీ మీద కూర్చోబెట్టడానికి పిల్లని అంతదూరం తీసుకెళ్ళడం నాకు అంతకన్నా పెద్ద ఓటమి.

లెక్కలు

డబ్బు ఎవరిచ్చినా రసీదు, ఇద్దరి సంతకాలు, నెలకోసారి అందరికీ కనిపించేలా గోడ మీద కాగితం. మీ జేబులోంచి పెట్టింది కూడా రాయండి. గొప్ప కోసమని కాదు. మీరు గుట్టుగా పెట్టుకుంటూ పోతే ఈ పనికి నిజంగా ఎంతవుతుందో ఎవరికీ తెలీదు, మీ తర్వాత వచ్చేవాళ్ళు మొదటి నెలలోనే బెంబేలెత్తిపోతారు. ఇంట్లో వాళ్ళకీ ఆ కాగితం చూపించండి. మా ఆవిడ చూసి నవ్వింది, కానీ ఆ తర్వాత నుంచి లెక్క ఆవిడే రాస్తోంది.

అప్పగింత

ఈ పనిని మీతోనే ముగిసేలా నడపొద్దు. పదిహేనేళ్ళు దాటిన పిల్లల్లో చిన్నవాళ్ళని ఓపిగ్గా చూసేవాళ్ళు ఒకరిద్దరు కనిపిస్తారు. బాగా ఆడేవాళ్ళే అయ్యుండాలని లేదు, చాలాసార్లు కారు కూడా. మొదట ఒళ్ళు వేడెక్కించే పావుగంట వాళ్ళ చేతికి ఇవ్వండి, మీరు పక్కన నిలబడండి. తర్వాత ఒక గ్రౌండు, ఆ తర్వాత ఒక సాయంత్రం మొత్తం. పెద్దవాళ్ళయ్యాక చదువుకో ఉద్యోగానికో వెళ్ళిపోతారు, అందుకే ఒక్కరిని కాక ముగ్గురు నలుగురిని తయారుచేసుకోవాలి. వెళ్ళినవాళ్ళలో కొందరు తిరిగొస్తారు.

అప్పగించేటప్పుడు చేతికి ఇవ్వాల్సినవి: రిజిస్టరు, సామాను గది తాళాలు, గ్రౌండు వాడుకోవడానికి ఇచ్చిన అనుమతి కాగితం, లెక్కల పుస్తకం, తల్లిదండ్రుల ఫోను గ్రూపు, దగ్గర్లోని ఆసుపత్రీ దంతవైద్యుడూ ఉన్న చోట్లు. నోటితో చెప్పాల్సినవి కూడా ఉంటాయి. ఏ పిల్లకి ఇంట్లో ఇబ్బంది ఉంది, ఎవరిని గట్టిగా పిలిస్తే బెదిరిపోతారు, ఎవరెవరిని ఒకే జట్టులో వేయకూడదు. వీటిని కాగితం మీద పెట్టకండి, కూర్చోబెట్టి చెప్పండి.

ఆ తర్వాత మొదటి సీజనంతా మీరు గ్రౌండుకి వెళ్ళినా విజిల్ ముట్టుకోకండి. పిల్లలు అలవాటుగా మీ దగ్గరికే పరిగెత్తుకొస్తారు, కొత్తవాళ్ళ వైపు చెయ్యి చూపించండి. వాళ్ళు మీ పద్ధతి మార్చేస్తారు, మీరు గీసిన గీతల్ని చెరిపి వేరేచోట గీస్తారు, ఊరుకోండి. అడిగితేనే సలహా ఇవ్వండి. మా దగ్గర ఇప్పుడు కొత్తవాళ్ళు నాకు స్కోరు రాసే పని ఇచ్చారు. కుర్చీ కూడా వేశారు గానీ పడమటి ఎండకి ఎదురుగా వేశారు. దాన్ని ఎటు జరపాలో మాత్రం వాళ్ళు అడక్కుండానే చెప్పేశాను.